ఆటోమేటిక్ ఎయిర్ వెంట్: నాలుగు చలికాలాల తర్వాత

పై అంతస్తులో అమ్మ పడుకునే గదిని వేడినీటితో వెచ్చబెట్టే రేడియేటర్‌కు, లోపల చేరిన గాలిని దానంతటదే వదిలే ఈ బుల్లి ఇత్తడి పరికరం బిగించిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎన్నో నెలల తర్వాత ఆ గదిలో గుడగుడ శబ్దం లేదు. అంతకుముందు బాయిలర్ వెలిగిన ప్రతిసారీ గోడ వెనక ఎవరో కుండలోంచి నీళ్లు ఒంపుతున్నట్టు వినిపించేది. అమ్మది పలచటి నిద్ర. మెలకువ వస్తే ఇక తెల్లవారే దాకా కూర్చునే ఉండేది. పొద్దున్నే చెయ్యి పెట్టి చూస్తే రేడియేటర్ అడుగు భాగం కాలిపోతూ, పై భాగం చల్లగా ఉండేది. పదిరోజులకొకసారి పంపు ఆపి, రేడియేటర్ గాలి మర తిప్పే తాళంచెవి, పాత గుడ్డ, గిన్నె పట్టుకుని వెళ్లి గాలి తీసేవాణ్ణి. నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ మొదలు.

వెంట్ వచ్చాక ఆ పనే లేకుండా పోయింది. లోపల ఒక ఫ్లోట్ ఉంటుంది. గాలి చేరి నీటిమట్టం తగ్గితే ఫ్లోట్ కిందికి దిగి దారి తెరుస్తుంది, నీళ్లు పైకి రాగానే లేచి మూస్తుంది. పైనున్న చిన్న మూత కాస్త వదులుగా ఉంచాలి, అంతే. మొదటి రెండు చలికాలాలు నేను తాళంచెవి ముట్టుకోలేదు. అడిగిన వారికీ అడగని వారికీ ఇది కొనుక్కోమని చెప్పాను. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను కానీ, అప్పుడు చెప్పకుండా వదిలేసిన సగం ఇప్పుడు చెప్పాలి.

మూడో చలికాలంలో ఒక తెల్లవారుజామున ఇల్లంతా చల్లబడి ఉంది. బాయిలర్ ఆగిపోయింది. ప్రెజర్ గేజ్ ముల్లు 0.3 బార్ దగ్గర ఉంది. నీళ్లు నింపి 1.5కు తెచ్చాను. వారం తిరిగేసరికి మళ్లీ అదే. నిజానికి అంతకుముందు ఏడాది నుంచే అప్పుడప్పుడు నీళ్లు నింపుతూ ఉన్నాను, కానీ శబ్దం లేదు కదా అని దాన్ని పట్టించుకోలేదు. పిలిపించిన మొదటి మెకానిక్ కూడా నీళ్లు నింపి, ఎక్కడో సన్నగా కారుతోంది అని చెప్పి వెళ్లిపోయాడు. నేలంతా వెతికాను, కొళాయిల దగ్గర కాగితాలు పరిచాను, ఒక్క చుక్క తడి లేదు.

తడి ఇంటి బయట దొరికింది. బాయిలర్ సేఫ్టీ వాల్వు గొట్టం గోడ దాటి బయటికి వచ్చే చోట, కింద రాయి మీద తుప్పు రంగు మరక. ఆ సాయంత్రం గేజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీళ్లు వేడెక్కే కొద్దీ ముల్లు 2 దాటింది, 2.5 దాటింది, 3 దగ్గరికి వచ్చేసరికి బయట చుక్కలు పడటం మొదలైంది. 3 బార్ దగ్గర ఆ వాల్వు తెరుచుకోవాలి, అది తన పని తాను చేసింది. తప్పు దానిది కాదు. వేడికి వ్యాకోచించిన నీటికి చోటు ఇవ్వాల్సిన ఎక్స్‌పాన్షన్ ట్యాంకు చోటు ఇవ్వడం లేదు. వేడిగా ఉన్నప్పుడు నీళ్లు బయటికి పోతున్నాయి, చల్లారాక ఆ మేరకు ప్రెజర్ పడిపోతోంది.

ఇక్కడే వెంట్ సంగతి బయటపడింది. పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి సుమారు ఒక బార్. బాయిలర్ కింద ఉంది, అమ్మ గది రేడియేటర్ పై అంచు దానికి దాదాపు ఐదు మీటర్ల పైన ఉంది. అంటే కింద గేజ్ 0.3 చూపిస్తుంటే, పైన బయటి గాలికన్నా తక్కువ ఒత్తిడి ఉంటుంది. అప్పుడు తెరిచిన దారిలోంచి గాలి బయటికి పోదు, లోపలికి వస్తుంది. నమ్మకం కుదరక వెంట్ మూతి మీద సబ్బునీటి చుక్క వేసి చూశాను. రేడియేటర్ చల్లారుతున్నప్పుడు ఆ పలచటి పొర మెల్లగా లోపలికి గుంటపడి పగిలింది. పొద్దున వేడెక్కేటప్పుడు మళ్లీ వేస్తే బయటికి బుడగలా ఉబ్బింది. గాలిని పంపేయడానికి నేను పెట్టిన పరికరమే రాత్రి పీల్చి పగలు వదులుతోంది. నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఆ నిశ్శబ్దాన్నే నేను ఆరోగ్యం అనుకున్నాను.

నింపిన ప్రతి కొత్త నీటితోనూ కరిగి ఉన్న ఆక్సిజన్ లోపలికి వెళుతుంది, ఇనుమును తింటుంది. లోపల నల్లటి బురద పేరుకుంటుంది, హైడ్రోజన్ పుడుతుంది. రేడియేటర్ పైన చేరేదంతా మామూలు గాలే అనుకోకండి. హైడ్రోజన్ మండే వాయువు, అది తీసేటప్పుడు దగ్గర మంట ఉండకూడదు. కింది గదిలో ఒక రేడియేటర్ పైన వేడిగా, అడుగున చల్లగా మారడం అప్పటికే మొదలైంది. అది గాలి కాదు, బురద.

రెండో మెకానిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకు ఉన్న, సైకిల్ ట్యూబుకు ఉండేలాంటి వాల్వు పిన్నును గోటితో నొక్కాడు. గాలి రాలేదు, నీళ్లూ రాలేదు. "నీళ్లు వచ్చి ఉంటే లోపల గాలినీ నీటినీ వేరుచేసే రబ్బరు పొర, డయాఫ్రమ్, చిరిగినట్టేనండీ, ట్యాంకే మార్చాల్సి వచ్చేది. మీది గాలి మాత్రమే పోయింది" అన్నాడు. బాయిలర్ ఆపి, చల్లారనిచ్చి, నీటి వైపు ప్రెజర్ సున్నాకు దించి, చేతి పంపుతో 0.75 బార్ దాకా గాలి కొట్టాడు. సున్నాకు దించకుండా కొలిస్తే ఆ అంకె నిజం చెప్పదని కూడా చూపించాడు. తర్వాత బురద కడిగించి, తుప్పు పట్టకుండా కలిపే ద్రవం పోయించాం. ఇప్పుడు చల్లగా ఉన్నప్పుడు 1.2, వేడెక్కినప్పుడు 1.6. అంతకు మించి కదలదు.

వెంట్ గురించి మిగిలిన మాటలు కొన్నే. ఒకసారి దాని లోపల చెత్త ఇరుక్కుని చుక్కలు కారాయి, తెల్లటి గోడ మీద నల్లటి గీత పడింది. విప్పి కడిగితే సర్దుకుంది. నిలువుగా బిగించకపోతే ఫ్లోట్ సరిగా మూయదు.

కొనాలా వద్దా అంటే, మా ఇంట్లో ఆ గదిలో అమ్మ ఉంటుంది కాబట్టి నేను తీసేయలేదు. మిగతా గదుల్లో తాళంచెవి పద్ధతే ఉంచాను. గాలి ఎన్నిసార్లు తీశానో లెక్క ఉంటుంది, ఆ లెక్క పెరిగితే గేజ్ వైపు చూడాలని తెలుస్తుంది. మీకు ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే గాలి చేరుతుంటే బహుశా ఇది అవసరం ఉండదు. వారం వారం చేరుతుంటే ముందు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు చూపించండి, ఆ తర్వాతే దీని సంగతి.

ఈ నాలుగో చలికాలం వెంట్ మూత బిగించే ఉంచాను. రెండు నెలల తర్వాత మొన్న ఒకసారి వదులు చేశాను. రెండు క్షణాలు సన్నగా గాలి పోయి, నీటి చుక్క వచ్చి ఆగింది. అమ్మ నిద్రలోనే ఉంది.