సూత్రం ముందా, బొమ్మ ముందా?

ధ్వని, కాంతి పాఠాల లెక్కలు చేసే పిల్లల్లో రెండు పద్ధతులు కనిపిస్తాయి. కొందరు ప్రశ్న చదవగానే సూత్రంలో అంకెలు వేసేస్తారు, కొందరు ముందు బొమ్మ గీసుకుంటారు.

తరంగాల లెక్కలకు చాలావరకు సూత్రమే చాలు. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, పౌనఃపున్యం 170 హెర్ట్జ్; భాగిస్తే తరంగదైర్ఘ్యం 2 మీటర్లు. బొమ్మతో పనిలేదు.

ప్రతిధ్వని దగ్గర కథ మారుతుంది. కొండ ఎదుట చప్పట్లు కొడితే 2 సెకన్లకు ప్రతిధ్వని వినిపించింది. కొండ ఎంత దూరం? సూత్రం పట్టుకున్నవారు 680 మీటర్లని రాసేస్తారు. వెళ్లే బాణం, తిరిగొచ్చే బాణం గీసినవారికి 340 అని చూడగానే తెలుస్తుంది.

ఇక దర్పణాలైతే, బొమ్మ లేకుండా ఒక్క లెక్కా చేయనివ్వను. పుటాకార దర్పణం (లోపలికి వంగిన అద్దం) నాభ్యంతరం, అంటే అద్దం నుంచి నాభికి దూరం, 10 సెంటీమీటర్లు; వస్తువు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంది. వస్తుదూరానికి రుణ గుర్తు పెట్టి, నాభ్యంతరానికి మరిచిపోతే జవాబు 6 వస్తుంది. రెండు కిరణాలు గీసి చూడండి: ప్రతిబింబం వక్రతా కేంద్రానికి (నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో ఉండే బిందువు) అవతల, అంటే 20 దాటి పడుతుంది. మరి 6 ఎలా కుదురుతుంది? గుర్తు సరిచేస్తే 30 వస్తుంది. ప్రతిబింబం తలకిందులుగా, రెట్టింపు ఎత్తుతో ఉంటుంది. పరీక్షలో సమయం చాలదని భయపడకండి, ఆ బొమ్మకు స్కేలు కూడా అక్కర్లేదు.