పగలగొట్టిన సైడ్ మిర్రర్‌కి విశాఖలో ఏ దారి నయం: షోరూమా, ఆటోనగరా, ఆన్‌లైనా?

సైడ్ మిర్రర్ ఎవరో పగలగొట్టారని చెప్పగానే కౌంటర్ అవతలి నుంచి వచ్చే మొదటి మాట: "సెట్టు మార్చేయాలి సార్." చాలాసార్లు అక్కర్లేదు. సెట్టు అంటే అద్దం, దాని వెనక ప్లాస్టిక్ ప్లేటు, అద్దాన్ని పైకీ కిందికీ తిప్పే మోటారు, రంగు వేసిన క్యాప్, ఇండికేటర్, మడత మోటారు, డోర్‌కి బిగించే కాలు, అన్నీ కలిపి ఒకే డబ్బా. రాయి దెబ్బకి పోయేది వీటిలో ఒకటో రెండో. ఏది పోయిందో తెలిసి వెళ్తే చిన్న కార్లకి చాలావరకు పని వందల్లో తేలిపోతుంది. తెలియకుండా వెళ్తే బిల్లు వేలల్లోకి ఎక్కుతుంది.

కొట్టుకి వెళ్లేముందు పార్కింగ్‌లోనే చూసుకోవాల్సినవి ఇవి. అద్దం పగిలినా లోపలి స్విచ్ నొక్కితే నాలుగు వైపులా తిరుగుతోందంటే మోటారు బాగున్నట్టే. ప్లేటుతో వచ్చే అద్దం ఒక్కటి చాలు. తిప్పినప్పుడు టకటకమని ఆగకుండా మోగి అద్దం కదలకపోతే, మోటారు పోయిందనుకునేముందు లోపల చూడండి. గాజు ముక్క ఇరుక్కున్నా అలాగే మోగుతుంది. చివరిదాకా తిరిగాక వచ్చే టకటక మాత్రం మామూలే, అది మోటారు క్లచ్ జారే శబ్దం. క్యాప్ మీద గీతలు, చీలిక ఉండి మిగతాది గట్టిగా ఉంటే క్యాప్ ఒక్కటే మార్చాలి. కాలు దగ్గర విరిగి మొత్తం వైరు మీద వేలాడుతుంటే మాత్రం సెట్టు తప్పదు. విరిగిన కాలుని ఎపాక్సీతో అతికించే మెకానిక్కులు ఉన్నారు. అది హైవే మీద గాలికి ఊగి, అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది. ఆ డబ్బు దండగ.

బటన్‌తో మడిచే మిర్రర్ విషయంలో ఇంకో మాట. ఎవరో బలవంతంగా ముందుకో వెనక్కో విరిచేస్తే అది లూజుగా, చెయ్యి తగిలితే కదిలేలా తయారవుతుంది. చూడగానే పోయిందనిపిస్తుంది. చాలా మోడళ్లలో లోపలి గేరు తన గాడి తప్పిందంతే. చేత్తో మామూలు స్థానానికి తెచ్చి, బటన్‌తో రెండు మూడు సార్లు పూర్తిగా మడిచి తెరిస్తే టక్కున శబ్దం వచ్చి కూర్చుంటుంది. ఈ చిన్న పని చెయ్యకుండా సెట్టు అమ్మేసే కౌంటర్‌ని నమ్మక్కర్లేదు.

షోరూమ్ సర్వీస్ సెంటర్

హైవే వెంబడి చాలా కంపెనీల సర్వీస్ సెంటర్లు ఉన్నాయి కాబట్టి దూరం సమస్య కాదు. వీళ్ల బలం పార్ట్ నంబరు. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు కంప్యూటర్‌లో కొడితే మీ కారు తయారైన నెలకి, వేరియంట్‌కి సరిపోయే పార్టే వస్తుంది. ఒకే మోడల్‌లో ఫేస్‌లిఫ్ట్‌కి (కంపెనీ రూపం మార్చి మళ్లీ తెచ్చినదానికి) ముందూ తర్వాతా ప్లేటు వెనక లాక్‌లు మారిపోతుంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బలహీనత ఏమిటంటే అడిగితే తప్ప విడి పార్టు ఎస్టిమేట్ ఇవ్వరు. "అద్దం విడిగా ఉందా, క్యాప్ విడిగా ఉందా, పార్ట్ నంబర్లు రాసివ్వండి" అని అడగండి. కొన్ని మోడళ్లకి నిజంగానే విడిగా ఉండదు. ఉన్నవాటికి మాత్రం తెర మీద కనిపిస్తుంది. ఆ నంబరు చేతిలో ఉంటే అదే ఒరిజినల్ పార్టు బయట ఎంఆర్‌పీకో కాస్త తక్కువకో కొనుక్కోవచ్చు. లేబర్ కూడా అంతే. అద్దం ప్లేటు మార్చడానికి డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు కవరు) ఊడదీయక్కర్లేదు, అయినా ఊడదీసినట్టు లేబర్ వేసిన ఎస్టిమేట్లు ఉంటాయి. లైను లైను చదవండి.

360 డిగ్రీల కెమెరా, లేదా ఇండికేటర్ వేస్తే పక్క దృశ్యం తెర మీద చూపించే కెమెరా మిర్రర్ కింద ఉన్న కార్లకి షోరూమే సరైన చోటు. సెట్టు మారాక కెమెరాని కాలిబ్రేట్ చెయ్యాలి, అంటే దాని చూపుని కారుకి సరిచూడాలి. చెయ్యకపోతే తెర మీద నాలుగు బొమ్మలు కలిసే చోట గీతలు వంకర పోతాయి, పార్కింగ్ లైన్లు అబద్ధం చెబుతాయి. బ్లైండ్ స్పాట్ హెచ్చరికకి మాత్రం భయపడక్కర్లేదు. చాలా కార్లలో రాడార్ ఉండేది వెనక బంపర్‌లో. మిర్రర్‌లో ఉండేది చిన్న దీపమే.

గాజువాక ఆటోనగర్, ఊళ్లో స్పేర్ పార్ట్స్ దుకాణాలు

మామూలు కార్లకి మా ఓటు ఇటే, ఒక షరతు మీద: పార్టు ఏదో మీరు తేల్చుకుని వెళ్లాలి. దుకాణంలో ఒకే మిర్రర్‌కి మూడు రకాల ధర వినిపిస్తుంది. కంపెనీ డబ్బాలో వచ్చే ఒరిజినల్, వేరే బ్రాండు పేరుతో వచ్చేది, ఏ పేరూ లేని డూప్లికేట్. మారుతికి మారుతి సుజుకి జెన్యూన్ పార్ట్స్ డబ్బా, హ్యుందాయ్, కియాలకి మోబిస్ డబ్బా చూడండి. డబ్బా మీద పార్ట్ నంబరు, ఎంఆర్‌పీ, తయారీ నెల ఉండాలి, సీలు చిరిగి ఉండకూడదు. డబ్బా ఒరిజినల్‌ది, లోపల సరుకు వేరేది కావడం వింతేం కాదు.

డూప్లికేట్ క్యాప్ తీసుకోవడంలో తప్పు లేదు, అది చూపుకి అడ్డం రాదు. డూప్లికేట్ అద్దం మాత్రం వద్దనే చెబుతాం. కారు సైడ్ మిర్రర్ మామూలుగా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అందుకే తక్కువ చోటులో ఎక్కువ రోడ్డు కనిపిస్తుంది. నాసిరకం అద్దంలో ఆ ఉబ్బు సమానంగా ఉండదు. వెనక వచ్చే ఆటో అంచు దగ్గరకి రాగానే సాగిపోయి, దూరం అంచనా తప్పుతుంది. కౌంటర్ దగ్గరే అద్దాన్ని మెల్లగా తిప్పుతూ ఎదురుగా ఉన్న షట్టర్ గీతల్ని చూడండి. గీతలు అలల్లా కదిలితే వెనక్కి ఇచ్చెయ్యండి.

సెట్టు కొంటుంటే కప్లర్‌లో (వైర్లు కలిపే ప్లగ్గులో) పిన్నులు లెక్కపెట్టాలి. అద్దం తిప్పే రెండు మోటార్లకి కలిపి సాధారణంగా మూడు వైర్లు, ఇండికేటర్‌కి రెండు, మడత మోటారుకి రెండు, వేడి చేసే అద్దమైతే ఇంకో రెండు. మీది ఐదు పిన్నుల కారైతే ఏడు పిన్నుల సెట్టు తెచ్చి లాభం లేదు, మడత పని చెయ్యదు. పాత మిర్రర్ ఊడదీసి చేత్తో పట్టుకెళ్లడం అన్నిటికన్నా మేలు. ఎడమ, కుడి అన్నది డ్రైవర్ సీట్లో కూర్చుని చూసిన లెక్క. డబ్బా మీద ఎల్‌హెచ్ అంటే మన క్లీనర్ సైడ్.

సెకండ్ హ్యాండ్ మిర్రర్ల గురించి సూటిగా: బిల్లు ఇవ్వని చోట కొనకండి. విడిగా దొరికే అద్దాల్లో కొన్ని ఇంకొకరి కారు నుంచి ఊడినవే అయి ఉంటాయి. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. బిల్లు ఇచ్చే స్క్రాప్ డీలరైతే, ఆపేసిన పాత మోడళ్లకి ఇది మంచి దారే. అయితే మన ఊరి సరుకులో ఉప్పుగాలి దెబ్బ చూడాలి. బీచ్ రోడ్డు వైపు తిరిగిన కార్ల మిర్రర్లలో బోల్టు మరలు తుప్పు పట్టి ఉంటాయి, అద్దం అంచున నల్ల మచ్చలు పాకుతుంటాయి. అంచున ఒకసారి మొదలైన నలుపు ఇక ఆగదు.

ఆన్‌లైన్, అద్దం కోసే షాపులు

ఆన్‌లైన్‌లో ప్లేటుతో కూడిన అద్దం కొనడం బాగానే ఉంటుంది, అమ్మేవాళ్లు వెనక వైపు ఫొటో పెడితేనే. లాక్‌ల ఆకారం పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం. "అన్ని మోడళ్లకీ సరిపోతుంది" అని రాసి ఉంటే అది ప్లేటు లేని, డబుల్ టేప్‌తో అతికించే అద్దం అని అర్థం. పగిలిన అద్దం మీదే అతికించమని చెప్పేవి మరీ అధ్వానం. కింద పగుళ్లు కదిలినప్పుడల్లా పై అద్దం వణుకుతుంది, ఎండకి టేపు జిగురు వదిలి అద్దం పూర్తిగా జారిపోతుంది.

ఫ్రేములు కట్టే షాపులో కోయించుకోవడం అన్నిటికన్నా చవక. అక్కడ దొరికేది ఎక్కువగా చదునైన అద్దం. స్టీలు స్కేలు ఆనిస్తే తెలుస్తుంది: ఉబ్బెత్తు అద్దం మీద స్కేలు అటూ ఇటూ ఊగుతుంది, చదునైన దాని మీద అతుక్కుపోతుంది. చదును అద్దంలో బండి పెద్దగా, స్పష్టంగా కనిపిస్తుంది గానీ పక్క లేను కనిపించదు. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద లేను మారేటప్పుడు కావాల్సింది ఆ పక్క లేనే. అసలు పార్టు వచ్చేదాకా రెండు మూడు రోజులు నడపడానికైతే సరే.

అద్దం ఇంట్లో మార్చుకోవడం

పావుగంట పని. తోలు చేతి తొడుగులు వేసుకుని, పగిలిన అద్దం మీద వెడల్పాటి టేపు అడ్డంగా, నిలువుగా అంటించండి. ముక్కలు లోపలికి రాలవు. స్విచ్‌తో అద్దాన్ని ఒక వైపు పూర్తిగా లోపలికి వంచితే ఎదుటి అంచు బయటికి లేస్తుంది. ఆ సందులోంచి వేళ్లు గానీ ప్లాస్టిక్ ట్రిమ్ రిమూవర్ గానీ పెట్టి, ప్లేటుని పట్టుకుని లాగాలి. స్క్రూడ్రైవర్ వాడితే విరిగేది మోటారు మీదున్న గుండ్రటి హోల్డరు, అది విరిగితే మళ్లీ ఖర్చు. వేడి చేసే అద్దమైతే వెనక రెండు వైర్లు ఉంటాయి, మెల్లగా ఊడదీయండి. లోపల రాలిన గాజుని వాక్యూమ్‌తో తీయండి. నోటితో ఊదొద్దు, కళ్లలో పడుతుంది. కొత్త అద్దాన్ని మధ్యకి సరిచూసి, గుడ్డ వేసి అరచేత్తో సరిగ్గా మధ్యలో నొక్కాలి. టక్కుమన్న శబ్దం రాకపోతే లాక్ పడలేదు, మొదటి గుంతకే అద్దం రోడ్డు మీద ఉంటుంది. అంచు మీద నొక్కితే కొత్తదీ పగులుతుంది. ఈ పనికి బాగా ఎండ కాసిన మధ్యాహ్నం మంచిది. ప్లాస్టిక్ మెత్తబడి లాక్‌లు విరగవు.

క్యాప్ చాలా కార్లలో అద్దం తీశాకే, లోపలి నుంచి లాక్‌లు నొక్కితే వస్తుంది. రంగు వెయ్యని క్యాప్ కొని పెయింటింగ్‌కి ఇస్తే, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టారో లేదో అడగండి. ఇనుముకి కొట్టే ప్రైమర్ కొడితే ఒక వానాకాలానికే పొరలు లేస్తుంది.

సెట్టు మార్పు మాత్రం మెకానిక్‌కి వదిలేయడమే మంచిది. డోర్ లోపల మూల త్రికోణం ప్లాస్టిక్ వెనక చాలా కార్లకి మూడు బోల్టులో నట్లో, ఎక్కువగా 10 ఎంఎంవి, ఉంటాయి. కప్లర్ కింద ఉంటే డోర్ ప్యాడ్ తీయాలి. ఆ ప్యాడ్ వెనక పలచటి వాటర్ షీటు ఉంటుంది. చింపేసి అలాగే మూసేస్తే వానల్లో కాళ్ల దగ్గర తడి మొదలవుతుంది, ఎక్కడి నుంచో ఎవరికీ అంతుపట్టదు. బండి తీసుకునేముందు ఆ షీటు తిరిగి అతికించారా, పవర్ విండో, ఇండికేటర్, మడత పనిచేస్తున్నాయా చూసి, 80 వేగంలో ఈల శబ్దం వస్తోందేమో వినండి. వస్తే కాలు కింద రబ్బరు గ్యాస్కెట్ మడత పడింది.

ఇన్సూరెన్స్ అడగాలా?

కాంప్రహెన్సివ్ పాలసీలో దురుద్దేశంతో చేసిన నష్టం, దొంగతనం రెండూ కవర్ అవుతాయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. వస్తుంది కదా అని వెంటనే క్లెయిమ్ చేస్తే మాత్రం నష్టపోయేవాళ్లే ఎక్కువ. లెక్క చూడండి. సెట్టు 6,000, లేబర్ 500 అనుకుందాం. జీరో డిప్రిసియేషన్ (పార్టుల అరుగుదలకి కోత వెయ్యని అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ పార్టుల మీద 50 శాతం కోత. గాజుకి కోత లేదు, కానీ సెట్టు మొత్తాన్ని ప్లాస్టిక్ కింద వేస్తే 3,000 పోతుంది. 1500 సీసీ లోపు కార్లకి తప్పనిసరి మినహాయింపు, అంటే మీరే భరించాల్సింది, 1,000. చేతికొచ్చేది 2,500.

ఇక నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చెయ్యని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఇప్పుడు 35 శాతంలో ఉన్నారు, ఓన్ డ్యామేజ్ (మీ కారు నష్టానికి కట్టే) ప్రీమియం డిస్కౌంట్‌కి ముందు 10,000 అనుకోండి. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడు 45, ఆపై ఏడు 50 శాతం తగ్గింపు. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు సున్నా, ఆపై ఏడు 20. మొదటి ఏడు 4,500, రెండో ఏడు 3,000 అదనంగా కట్టాలి. 2,500 కోసం 7,500. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకున్నవాళ్లకీ, కెమెరా ఉన్న ఖరీదైన సెట్టు పోయినవాళ్లకీ, మిర్రర్‌తో పాటు డోర్లు కూడా గీకేసినప్పుడూ లెక్క మారుతుంది. క్లెయిమ్ చేసేట్లయితే బాగు చేయించకముందే కంపెనీకి చెప్పాలి, పగిలిన పార్టు పారెయ్యకూడదు.

పోలీసులకి చెప్పడం విషయంలో: గాజు ఊడ్చకముందే ఫొటోలు, నంబర్ ప్లేటు కనిపించేలా ఒకటి. సీసీ కెమెరాలో పాత రికార్డింగు మీద కొద్ది రోజుల్లోనే కొత్తది ఎక్కి పాతది చెరిగిపోతుంది, కాబట్టి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌నీ ఎదుటి కొట్టునీ అదే రోజు అడగాలి. పగలగొట్టడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 324 కిందికి వస్తుంది. నష్టం 20,000 దాటి లక్ష లోపైతే శిక్ష రెండేళ్ల దాకా. అద్దం ఊడదీసుకుపోతే దొంగతనం, 303. క్లెయిమ్‌కి వెళ్లేట్లయితే ఫిర్యాదు రసీదు దగ్గర ఉంచుకోండి.

మళ్లీ జరగకుండా అమ్మే సరుకులో, అద్దం మీద కారు నంబరు చెక్కించడం చవకైనదీ పనికొచ్చేదీ. దొంగకి అమ్ముడుపోదు, అయితే పగలగొట్టేవాడిని అదేం ఆపదు. క్యాప్ మీద తొడిగే క్రోమ్ గార్డులు అలంకారమే. వాటి కింద ఉప్పు తేమ చేరి రంగు పోతుంది. అక్కయ్యపాలెం, కంచరపాలెం లాంటి ఇరుకు వీధుల్లో మిర్రర్లు మడిచి పెట్టడమే అసలైన గార్డు, అక్కడ పోయేవాటిలో బైకు హ్యాండిల్ తగిలి పోయేవీ ఉంటాయి. పార్కింగ్ మోడ్ ఉన్న డాష్‌క్యామ్ మంచిదే గానీ, ఒక్క ముందు కెమెరాకి పక్క మిర్రర్ దగ్గర నిలబడ్డ మనిషి అందడు. వైరింగ్ కిట్‌లో బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఆపేసే కటాఫ్ ఉందో లేదో చూసి కొనండి. లేనిది పెడితే వారం కదలని కారు స్టార్ట్ కాదు.