ఆర్కిటిక్‌డెమ్: వాగుల వెంట కొన్ని వేసవులు వాడాక

అలాస్కా బ్రూక్స్ పర్వతాల్లో నడిచేవాళ్లకి ఆర్కిటిక్‌డెమ్ ఒక వరం. ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఆర్కిటిక్ ప్రాంతపు ఎత్తుల డిజిటల్ పటం ఇది. రెండు మీటర్ల రిజల్యూషన్, పైసా ఖర్చు లేదు, ఇవన్నీ తెలిసినవే. నాకు దాని మీద ఇంత ప్రేమ కలిగించింది మాత్రం ఒక్క వాగు.

కోయుకుక్ నార్త్ ఫోర్క్ నదిలో కలిసే వాగు అది. అమెరికన్ అన్వేషకుడు రాబర్ట్ మార్షల్ 1929 నుంచి ఆ ప్రాంతమంతా తిరిగి ఎన్నో వాగులకీ కొండలకీ పేర్లు పెట్టాడు గానీ దీనికి మాత్రం పేరు లేదు. ఈ వాగున్న గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ పార్కులో కాలిబాటలుండవు, వాగే దారి. మైలుకి అంగుళం లెక్కన వేసిన పాత మ్యాప్ షీట్‌లో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) 100 అడుగుల ఎత్తుకొకటి. దాని ప్రకారం ఈ వాగు వెంట హాయిగా దిగిపోవచ్చు. ఆర్కిటిక్‌డెమ్‌ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి 5 మీటర్లకో గీత తీయిస్తే, ఒకచోట రెండు ఒడ్డుల్లోనూ గీతలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. 60, 70 అడుగుల గండి పాత షీట్‌లో రెండు గీతల మధ్య ఇట్టే దాక్కుంటుంది మరి!

వాగు వదిలి పక్క గట్టెక్కి వెళ్లాం. పైనుంచి తొంగిచూస్తే నిటారుగా నల్లటి రాతిగోడలు, అడుగున ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నురగలు కక్కుతూ నీళ్లు, కాలు మోపడానికి జానెడు ఒడ్డు లేదు. గీతలు బిగుసుకున్న చోటే గండి మొదలైంది, విడిపోయిన చోటే తెరుచుకుంది. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఇది కొలిచేది ఉపగ్రహానికి పైనుంచి కనిపించేదాన్ని, నేలని కాదు. కింద లోయలో చదునైన మెట్టలా కనిపించిన చోట మనిషెత్తు విల్లో పొదలు ఎదురయ్యాయి. సంచుల పట్టీలకి కొమ్మలు చిక్కుకుంటుంటే, ఎలుగుబంట్లకి వినపడాలని కేకలేస్తూ దాటేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. వాగు నీటి మీద ఎత్తులనైతే అసలు నమ్మను. పేర్లు కూడా అందులో ఉండవు కాబట్టి పాత షీట్ ఇంకా నా సంచిలోనే ఉంటుంది.

మేం వెళ్లేది ఆగస్టులో, తోడుగా మనుషులుంటారు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఓపికా నాకుంది. అందుకే ఇది నాకు సరిపోయింది. అన్నీ ఫోన్‌లోనే సిద్ధంగా కావాలనుకునేవాళ్లకి ఇంత గట్టిగా చెప్పలేను. జూన్‌లో వెళ్లేవాళ్లు మాత్రం ముక్కలన్నీ కలిపి కుట్టిన మొజాయిక్ కాకుండా, చిత్రం తీసిన తేదీ ఉన్న విడివిడి ముక్కలు, అంటే స్ట్రిప్పులు, దించుకోండి. చలికాలమంతా వాగు పొంగి పొరలు పొరలుగా గడ్డకట్టే ఆఫైస్ మంచు కొన్నిటిలో నేలలాగే నమోదై ఉంటుంది.