సుద్దపొడి మీద వేసిన నింద: పన్నెండేళ్ల బీపీ మాత్రల అనుభవం

2013 జూలైలో మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు పిల్లల ఎత్తు, బరువు, కంటిచూపు పరీక్షించడానికి వచ్చిన వైద్య బృందం, పని త్వరగా ముగియడంతో ఉపాధ్యాయులకు కూడా బీపీ చూసింది. నాకు 168/104 వచ్చింది. తలనొప్పి లేదు, తల తిరగడం లేదు. అప్పుడే తొమ్మిదో తరగతికి ద్రవపీడనం పాఠం చెప్పి వచ్చాను కూడా. యంత్రం పాడైందనుకున్నాను. తర్వాత రెండు వారాల్లో వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూపించుకుంటే ఒక్కసారి కూడా పై అంకె 150 కంటే దిగలేదు. అలా నా 46వ ఏట మొదలైన మాత్రలు నేటికీ సాగుతున్నాయి. ఈ పన్నెండేళ్లలో నాలుగు రకాల మందులు వాడాను. వాటిలో ఏదో ఒకటి గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. మందు వల్ల కలిగిన ఇబ్బందిని మరొకదాని మీదికీ, మరొకదాని వల్ల కలిగినదాన్ని మందు మీదికీ నెట్టి నేను పోగొట్టుకున్న కాలం గురించే ముఖ్యంగా రాస్తున్నాను.

మొదట ఇచ్చినది ఎనలాప్రిల్ 5 మిల్లీగ్రాములు. నెల తిరిగేసరికి బీపీ 140కి వచ్చింది. అదే నెలలో పొడిదగ్గు కూడా మొదలైంది. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో ఎవరో ఈకతో గీస్తున్నట్టు ఉండేది. పాఠం మధ్యలో వచ్చిందంటే రెండు నిమిషాలు బల్ల పట్టుకుని నిలబడవలసిందే. ఇరవై మూడేళ్లుగా నల్లబల్ల ముందు నిలబడుతున్నదాన్ని కనుక అది సుద్దపొడి పని అని నాకెంతమాత్రం సందేహం కలగలేదు. ముక్కుకు రుమాలు కట్టుకున్నాను, తుడిచే పనిని పిల్లలకు అప్పగించాను, తడిగుడ్డతో తుడిపించాను, మిరియాల కషాయం తాగాను, రెండు సీసాల దగ్గుమందు ఖాళీ చేశాను. వేసవి సెలవులు వచ్చి సుద్దముక్క ముట్టకుండా ఇరవై రోజులు గడిచినా దగ్గు అలాగే ఉన్నప్పుడైనా అనుమానం రావలసింది, రాలేదు. చివరికి ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళితే అక్కడి డాక్టరుగారు చిత్రం చూడకముందే, "టీచర్‌గారూ, మీరు వేసుకునే బీపీ బిళ్ళ పేరేమిటి?" అని అడిగారు. పేరు వినగానే మందు మార్చారు. మూడు వారాలకు దగ్గు పూర్తిగా పోయింది. దాదాపు తొమ్మిది నెలల నింద మోసిన సుద్దపొడి నిర్దోషి అని తేలింది.

సైన్సు టీచరును కనుక కారణం తెలుసుకోకుండా ఉండలేకపోయాను. రక్తనాళాలను బిగించే పదార్థం తయారు కాకుండా ఈ మందు ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. అదే ఎంజైము బ్రాడీకైనిన్ అనే మరో పదార్థాన్ని విచ్ఛిన్నం చేసే పని కూడా చేస్తూ ఉంటుంది. ఎంజైమును ఆపితే బ్రాడీకైనిన్ పేరుకుని శ్వాసనాళాలను రేపుతుంది. అందరికీ రాదు, కానీ ఆడవాళ్లలో ఎక్కువ. పేరు చివర 'ప్రిల్' అని ఉన్న రామిప్రిల్, లిసినోప్రిల్ వంటివన్నీ ఒకే వంశం కనుక ఒకదానితో దగ్గు వచ్చినవారికి మరొకదానితోనూ వచ్చే అవకాశం ఉంది. ఈ వంశంలో మొదట వాడుకలోకి వచ్చినది 1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్; దానికి దారి చూపినది బ్రెజిల్ దేశపు ఒక పింజరి జాతి పాము విషం. పిల్లలకు ఈ సంగతి చెప్పిన రోజు తరగతిలో ఎవరూ ఆవులించలేదు.

రెండో మందు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. దీనితో నాలుగేళ్లు హాయిగా గడిచాయి. ఇది రక్తంలో చాలాసేపు నిలిచే మందు కావడం వల్ల ఒక పూట మరచిపోయినా బీపీ వెంటనే ఎగరదు. ఆ ధైర్యంతోనే 2015లో ఒక తప్పు చేశాను. 124/80 వచ్చింది కదా, ఇక తగ్గిపోయిందనుకుని ఎవరికీ చెప్పకుండా మానేశాను. మూడు వారాలు ఒంట్లో ఏ తేడా తెలియలేదు, పైగా తేలికగా ఉన్నట్టనిపించింది. అత్తగారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లినప్పుడు నర్సమ్మ నాకూ చూస్తే 172/100. ఒంట్లో బాగుందనిపించడానికీ, బీపీ బాగుండడానికీ సంబంధం లేదని ఆ రోజు అర్థమైంది.

ఇదే కాలంలో నేను ఆమ్లోడిపిన్‌కు ఒక అన్యాయం చేశాను. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి నీరసం. "ఈ బిళ్ళ నన్ను పీల్చేస్తోంది" అని మావారితో రోజూ అనేదాన్ని. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2. ఇనుము మాత్రలు మూడు నెలలు వేసుకున్నాక ఆ నీరసం పోయింది, బిళ్ళ మాత్రం అదే.

2018లో బీపీ మళ్లీ 150 దాటుతోందని మోతాదును 10 మిల్లీగ్రాములకు పెంచారు. అసలు కథ అక్కడ మొదలైంది. రెండు నెలలకు సాయంత్రం బడి నుంచి వచ్చి పట్టీలు తీస్తే చీలమండ చుట్టూ గొలుసు అచ్చు గుంటలా దిగి ఉండేది. ముంగాలి ఎముక మీద బొటనవేలితో అయిదు సెకన్లు నొక్కి వదిలితే, బియ్యప్పిండి ముద్ద మీద నొక్కినట్టు గుంట పడి, అది పూడడానికి చాలాసేపు పట్టేది. ఒకరోజు రెండో వేలి మెట్టె తిరగకపోతే సబ్బు నీళ్లతో అరగంట తంటాలు పడి తీశాను. రోజంతా నిలబడి పాఠాలు చెప్పడం వల్లనని తోటి ఉపాధ్యాయినులన్నారు. వయసు అన్నారు బంధువులు. మూత్రపిండాలేమోనని నాకు లోలోపల భయం. ఊళ్లో ఒక డాక్టరుకు చూపిస్తే నా చేతిలోని మందుల చీటీ చూడకుండానే నీరు తీసే బిళ్ళ రాశారు. పదిహేను రోజులు వేసుకున్నాను. బాత్రూముకు తిరగడమే మిగిలింది కాని వాపు వీసమెత్తు తగ్గలేదు.

తగ్గకపోవడానికి కారణం ఉంది. ఆమ్లోడిపిన్ రక్తాన్ని తెచ్చే సన్నని ధమనులను విప్పారుస్తుంది, రక్తాన్ని తీసుకుపోయే సిరలను ఆ మేరకు విప్పార్చదు. వచ్చే కాలువ వెడల్పై, పోయే కాలువ అలాగే ఉంటే మధ్యలో పీడనం పెరిగి నీరు గట్టు దాటినట్టు, కేశనాళికల నుంచి ద్రవం కండలోకి ఊరుతుంది. నిలబడితే అది పాదాల్లోకి దిగుతుంది. ఒంట్లో అదనంగా నీరు చేరడం వల్ల వచ్చిన వాపు కాదు కనుక నీరు తీసే బిళ్ళకు పెద్దగా లొంగదు. మోతాదు పెరిగేకొద్దీ వాపు పెరుగుతుంది, ఇది కూడా ఆడవాళ్లలోనే ఎక్కువ. 2019లో నా పాత డాక్టరుగారు మూత్రపరీక్ష, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), గుండె పరీక్ష చేయించి, అన్నీ సవ్యంగా ఉన్నాయని తేల్చుకున్నాక, ఆమ్లోడిపిన్‌ను మళ్లీ 5కు దించి టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు కలిపారు. టెల్మిసార్టాన్ సిరలను కూడా కొంత సడలిస్తుంది కనుక వాపు విషయంలో ఆమ్లోడిపిన్‌కు విరుగుడుగా పనిచేస్తుంది. రెండు వారాలు దాటాక పట్టీల గుంట గీతగా మారింది. మెట్టె మళ్లీ తొడుక్కున్నాను.

టెల్మిసార్టాన్ గురించి నాకు ఫిర్యాదు లేదు, దగ్గు కూడా రాలేదు. జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. మొదలుపెట్టిన కొన్ని వారాలకు రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. ఆ పరీక్ష రాయకపోతే మనమే అడగాలి. మా వదిన, బీపీకి మంచిదని, సోడియం తక్కువగా ఉండే ఉప్పు ప్యాకెట్లు రెండు తెచ్చి ఇచ్చింది. ఆ ఉప్పులో సోడియం తగ్గించిన మేరకు కలిపేది పొటాషియం క్లోరైడ్. ఈ మందు అసలే పొటాషియంను ఒంట్లో నిలుపుతుంది కనుక రెండూ కలిస్తే గుండె లయకే ప్రమాదమని డాక్టరుగారు వద్దన్నారు. వదిన మనసు నొచ్చుకోకుండా ఆ ప్యాకెట్లు వెనక్కి పంపడం బీపీ తగ్గించడం కంటే కష్టమైంది. మా బడిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి ఇదే మందు రాశారని తెలిసి, పిల్లల కోసం ఆలోచిస్తుంటే ముందుగానే డాక్టరుకు చెప్పమన్నాను. గర్భిణులు దీన్ని వాడకూడదు. ఇక నిల్వ సంగతి. వారానికి సరిపడా బిళ్ళలను స్ట్రిప్పు నుంచి తీసి గళ్ల డబ్బాలో పోసుకునే అలవాటు నాది. శ్రావణమాసపు ముసురులో ఈ బిళ్ళ మాత్రం మెత్తబడి వేలికి అంటుకుంది. మందుల షాపు అబ్బాయి, "మేడమ్, దీనికి చెమ్మ తగలకూడదు, వేసుకునేటప్పుడే చించండి" అన్నాడు.

2021 చివర్లో హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు చేరింది. ఇది కూడా మూత్రం ద్వారా ఉప్పునూ నీటినీ పంపేదే. మొదట రాత్రి వేసుకుని నిద్ర పాడుచేసుకున్నాను, తర్వాత ఉదయానికి మార్చాను. బీపీ 122కు దిగడంతో ఇదే మేలైన మందనుకున్నాను. 2022 మే నెలలో పదో తరగతి జవాబుపత్రాల మూల్యాంకనానికి వెళ్లాను. రేకుల కప్పు కింద మండే ఎండ, ఆకలి లేక మజ్జిగ అన్నం, అది కూడా ఉప్పు వేసుకోకుండా, రోజుకు అయిదారు లీటర్ల మంచినీళ్లు. నాలుగో రోజున తల బరువెక్కి, కడుపులో తిప్పుతూ, ఒకే జవాబుపత్రం మార్కులు మూడుసార్లు కూడితే మూడు వేర్వేరు మొత్తాలు వచ్చాయి. ముప్ఫై ఏళ్లుగా మార్కులు కూడుతున్నదాన్ని. అందరూ వడదెబ్బ అన్నారు, నేనూ అదే అనుకుని మరింత నీరు తాగాను. ఆస్పత్రిలో చూస్తే సోడియం 126. ఉండవలసినది 135 నుంచి 145. ఉప్పును బయటికి పంపే బిళ్ళ ఒకవైపు, ఉప్పు మానేసి ఉత్త నీళ్లు తాగడం మరోవైపు, రెండూ కలిసి చేసిన పని అది. రెండు రోజులుంచి సోడియం సరిచేసి పంపారు. ఆ మందు ఆపి, తర్వాత టెల్మిసార్టాన్‌ను 80కి పెంచారు. ఇదే మందు మా అన్నయ్య ఎనిమిదేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వేసుకుంటున్నాడు, కాబట్టి దాన్ని చెడ్డమందు అనలేను. ఎండాకాలంలో, వాంతులు, విరేచనాలు అయినప్పుడు మాత్రం దాన్ని వాడేవారు వెంటనే డాక్టరును అడగాలి.

ఇంకొక్క సంగతి చెప్పి తీరాలి. నిరుడు మోకాలి నొప్పికి షాపులో అడిగి డైక్లోఫెనాక్ కొనుక్కుని పది రోజులు వేసుకుంటే, బుద్ధిగా ఉన్న బీపీ 156కు చేరింది. బీపీ బిళ్ళకు శక్తి తగ్గిందని మోతాదు పెంచమని అడగడానికే వెళ్లాను. పెంచలేదు, నొప్పి బిళ్ళ మాన్పించారు. టెల్మిసార్టాన్ వంటి మందు, మూత్రం పోయించే బిళ్ళ, నొప్పి బిళ్ళ మూడూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చని అప్పుడే చెప్పారు. 2022లో అలా కలవలేదన్నది కేవలం నా అదృష్టం.

ఇంట్లో జబ్బకు కట్టుకునే యంత్రం కొని ఏడేళ్లయింది. కాఫీ తాగిన అరగంట తర్వాత, అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, నోరు మెదపకుండా రెండుసార్లు చూసి నోటుపుస్తకంలో రాస్తాను. అంకె పక్కనే ఆ వారం కొత్తగా వేసుకున్న మందులు, ఒంట్లో కనిపించిన తేడాలు కూడా రాయడం 2019 నుంచి మొదలుపెట్టాను. ఎనలాప్రిల్ నాడే ఆ అలవాటుంటే, దగ్గు ఏ వారం మొదలైందో, మాత్ర ఏ వారం మొదలైందో పక్కపక్కనే కనిపించేవి.

ప్రస్తుతం టెల్మిసార్టాన్ 80, ఆమ్లోడిపిన్ 5 కలిసిన ఒకే బిళ్ళ, ఉదయం టిఫిన్ తర్వాత. ఇంట్లో కొలతలు 124 నుంచి 132 మధ్య ఉంటున్నాయి. ఇబ్బంది పూర్తిగా లేదని చెప్పను. రాత్రంతా బస్సులో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని హైదరాబాదులో అమ్మాయి ఇంటికి చేరిన ఉదయం పట్టీల గీత కనిపిస్తుంది, మధ్యాహ్నం దిండు మీద కాళ్లు పెట్టుకుని పడుకుంటే పోతుంది. పోయిన నెలలో దంతవైద్యురాలు నా చిగుళ్లు కాస్త ఉబ్బాయని, బీపీకి ఏ మందు వాడుతున్నానని అడిగారు. ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లను పెంచుతుందట. ఈసారి టూత్‌పేస్టును తిట్టకుండా, ఆ తేదీ రాసుకుని, వచ్చే సోమవారం డాక్టరుగారికి చూపించడానికి పుస్తకాన్ని సంచీలో పెట్టుకున్నాను.