అటామిక్ గోడ గడియారం: డయలు కాదు, వీపు చూసి కొనండి

అమెరికాలో అటామిక్ క్లాక్ పేరుతో అమ్మే గోడ గడియారంలో అణువూ లేదు, పరమాణువూ లేదు. లోపల ఉన్నది మామూలు క్వార్ట్జ్ మిషనే, తోడుగా ఫెర్రైట్ కడ్డీకి తీగ చుట్టిన చిన్న యాంటెన్నా. కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ దగ్గరున్న ఎన్‌ఐఎస్‌టీ (అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) వారి డబ్ల్యూడబ్ల్యూవీబీ స్టేషన్ 60 కిలోహెర్ట్జ్‌లో పంపే సిగ్నల్‌ను రాత్రిపూట అందుకుని టైము దిద్దుకుంటుంది. ఉత్త క్వార్ట్జ్ గడియారం నెలకు 15 సెకన్ల దాకా అటూఇటూ అవుతుంది. దీనికి సిగ్నల్ అందుతున్నంత కాలం ఆ బెంగ లేదు. వస్తువు మంచిదే. కొనేముందు తిప్పి చూడాల్సినవి వెనకున్న రెండు మీటలు: టైమ్‌జోన్‌ది (ఈస్టర్న్, సెంట్రల్, మౌంటెన్, పసిఫిక్) ఒకటి, డీఎస్టీది (డేలైట్ సేవింగ్ టైమ్, అంటే వేసవిలో టైమును గంట ముందుకు జరపడం) ఒకటి.

పెన్సిల్ సెల్ అల్కలైన్‌దే వేయండి. రీచార్జబుల్ సెల్ ఇచ్చేది 1.2 వోల్టులే, ముళ్లు తిరిగినా రిసీవర్ మొరాయించవచ్చు. సెల్ పడగానే చాలా మోడళ్లలో ముళ్లు గిరగిరా తిరిగి 12 దగ్గర ఆగుతాయి. పాడైందనుకుని వేలితో తిప్పితే లెక్క తప్పుతుంది, ఒక రాత్రి ఓపిక పట్టండి. యాంటెన్నా కడ్డీ డయలుకు సమాంతరంగా ఉంటుంది కాబట్టి గడియారం ముఖమో వీపో కొలరాడో వైపు ఉండాలి. న్యూజెర్సీ ఎడిసన్‌లోనైనా కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోనైనా తూర్పు, పడమర గోడలు నయం. డాలస్ నుంచి ఫోర్ట్ కాలిన్స్ వాయవ్య దిక్కు, అక్కడ ఏ గోడైనా ఒకటే. టీవీకి, రౌటర్‌కి, ఎల్‌ఈడీ లైట్ల అడాప్టర్లకి ఆరడుగుల దూరం ఉంచండి. రేకు గోడల ఇంట్లో, బేస్‌మెంట్‌లో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

అసలు పరీక్ష డీఎస్టీ మొదలయ్యే మార్చి రెండో ఆదివారం, ముగిసే నవంబరు మొదటి ఆదివారం. స్టేషన్ సెకనుకు ఒక బిట్ చొప్పున నిమిషానికి ఒక ఫ్రేమ్ పంపుతుంది. అందులో 57, 58వ సెకన్లు డీఎస్టీకే కేటాయించారు. ఆదివారం మార్పు ఉందన్న కబురు శనివారం సాయంత్రం నుంచే గాల్లో ఉంటుంది. ఆ రాత్రి సిగ్నల్ అందకపోతే మాత్రం ఆదివారమంతా గంట తేడాతో నడుస్తుంది. నవంబరులో ఇంకో తమాషా. ఒక గంట వెనక్కి వెళ్లాలి, కానీ చాలా మిషన్లలో ముళ్లు వెనక్కి తిరగవు. పదకొండు గంటలు ముందుకు తిరిగి అక్కడికే చేరతాయి. మధ్యలో సెల్ పీకకండి.

డీఎస్టీ మీట లేని చవక రకం అరిజోనాలో తలనొప్పి. నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం) తప్ప ఆ రాష్ట్రం 1968 నుంచి డీఎస్టీ పాటించడం లేదు. మీట ఉంటే మౌంటెన్ జోన్ పెట్టి డీఎస్టీ ఆఫ్ చేస్తే ఫీనిక్స్‌లో జన్మలో మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. లేకపోతే వేసవిలో పసిఫిక్, చలికాలం మౌంటెన్ అని ఏడాదికి రెండుసార్లు స్టూలెక్కాలి.

మిగతా రాష్ట్రాలూ డీఎస్టీ ఎత్తేయాలా అంటే, ఈ గడియారం వీపు చూస్తేనే సగం జవాబు దొరుకుతుంది. 1966 నాటి యూనిఫామ్ టైమ్ చట్టం ప్రకారం రాష్ట్రం డీఎస్టీ మానేసి ఏడాదంతా స్టాండర్డ్ టైములో, అంటే ముందుకు జరపని అసలు టైములో, ఉండొచ్చు, అమెరికా కాంగ్రెస్‌ను అడగక్కర్లేదు. మన పని మీట ఆఫ్ చేయడమే. ఏడాదంతా డీఎస్టీలోనే ఉంటామంటే మాత్రం చట్టం ఒప్పుకోదు. ఫ్లోరిడా 2018లోనే అలా తీర్మానించుకుని కాంగ్రెస్ కోసం కూర్చుంది. ఏడాదంతా డీఎస్టీ ఉండాలని 2022లో సెనేట్ ఆమోదించిన బిల్లు ప్రతినిధుల సభలో ఆగిపోయింది. ఒకవేళ అది వచ్చిందనుకోండి, కాలిఫోర్నియా వాళ్లు మౌంటెన్, డీఎస్టీ ఆఫ్ అని గడియారాన్ని ఏమార్చొచ్చు. టెక్సస్‌లో ఎక్కువ భాగానికి ఈస్టర్న్, డీఎస్టీ ఆఫ్ సరిపోతుంది. ఈస్టర్న్ వాళ్లకే దారి లేదు: వాళ్లకు కావాల్సింది అట్లాంటిక్ జోన్, నాలుగు జోన్ల మీటలో అది ఉండదు.

స్టాండర్డ్ టైమే మేలని మా మొగ్గు. దానికీ ఖర్చుంది: సియాటిల్‌లో జూన్‌లో నాలుగుంబావుకే తెల్లారుతుంది. అటువైపు ఏడాదంతా డీఎస్టీ అయితే డిసెంబరులో అక్కడ సూర్యుడొచ్చేది తొమ్మిదికి కాస్త ముందు. 1974 జనవరిలో దేశమంతా అది పెట్టి చూశారు. పిల్లలు చీకట్లో బడికి వెళ్లాల్సి రావడంతో గోలయింది, అదే ఏడాది అక్టోబరుకల్లా చలికాలానికి స్టాండర్డ్ టైము తిరిగొచ్చింది.

ఇండియా ఫోన్ల లెక్క ఎలాగూ ఈ మీటతోనే ముడిపడి ఉంది. న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదంటే విజయవాడలో వేసవిలో సాయంత్రం ఐదున్నర, చలికాలం ఆరున్నర. ఫీనిక్స్ వాళ్లకు ఎప్పుడూ పన్నెండున్నర గంటల తేడాయే. ఈ గడియారాన్ని సామానులో పెట్టి ఊరికి మాత్రం పట్టుకెళ్లకండి. అక్కడ ఆ సిగ్నల్ అందదు, మీటలో మన అరగంట జోనూ లేదు. ఎప్పటికైనా ఏడాదంతా డీఎస్టీ వస్తే పనికొచ్చేలా, ఫ్లోరిడాలో ఇప్పుడు కొనేవాళ్లు అట్లాంటిక్ జోన్ ఉన్న మోడల్ దొరికితే పది డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి.