వరి జీనోమ్: రిఫరెన్స్‌తో పోల్చాలా, కొత్తగా అతకాలా?

మార్టేరు స్వర్ణలోకి ముంపును తట్టుకునే గుణం ఎక్కించిన స్వర్ణ-సబ్1 ఉంది కదా, దాని డీఎన్‌ఏను ముక్కముక్కలుగా చదివించిన డేటా చేతికొచ్చిందనుకోండి. 2005లో పూర్తయిన జపాన్ రకం నిప్పన్‌బారే జీనోమ్‌ను (మొత్తం డీఎన్‌ఏ వరుసను) రిఫరెన్స్‌గా, అంటే కొలబద్దగా పెట్టుకుని, దాని మీద మన ముక్కల్ని సరిపోల్చుకుంటూ పోవచ్చు, లేదా దేంతోనూ పనిలేకుండా ముక్కల్ని ఒకదానికొకటి అతికి కొత్త జీనోమే కట్టుకోవచ్చు.

మొదటిది చవక. 150 డీఎన్‌ఏ అక్షరాల చిన్న రీడ్‌లు (చదివిన ముక్కలు) చాలు. బీడబ్ల్యూఏ అనే ప్రోగ్రామ్‌తో అలైన్ చేసి (ప్రతి రీడ్‌కూ రిఫరెన్స్‌లో చోటు వెతికి), శామ్‌టూల్స్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో సార్ట్ చేసి (వరసలో పేర్చి), తేడాలు వీసీఎఫ్ అనే జాబితా ఫైల్‌లోకి తీయడమే. వరి జీనోమ్ సుమారు 40 కోట్ల అక్షరాలే కాబట్టి భీమవరంలో ఇంట్లో కూర్చుని మంచి ల్యాప్‌టాప్ మీదే లాగించేయొచ్చు.

చిక్కంతా ఎక్కడంటే, సార్వా చేను మునిగినా రెండు వారాల దాకా పైరును నిలబెట్టే సబ్1ఏ జన్యువు నిప్పన్‌బారేలో అసలు లేనే లేదు! దాంతో ఆ జన్యువు తాలూకు రీడ్‌లు చోటు దొరక్క పక్కన పడిపోతాయి, లేదంటే పోలికలున్న సబ్1బీ, సబ్1సీ జన్యువుల మీద వాలిపోయి లేనిపోని తేడాలు చూపిస్తాయి. మనం వెతికేది మాత్రం వీసీఎఫ్‌లో కనపడదు.

అతికే దారిలో ఈ బెడద లేదు. కాకపోతే వేల అక్షరాల లాంగ్ రీడ్‌లు కావాలి, సర్వర్ కావాలి, ఆపైన ఏ జన్యువు ఎక్కడుందో గుర్తించే అన్నోటేషన్ తలనొప్పి.

వందల రకాలను పోల్చాలంటే నా ఓటు మొదటిదానికే. నాటు రకంలో కొత్త జన్యువు కోసమైతే రెండోది. డబ్బుల్లేకపోతే అలైన్ కాని రీడ్‌లను పారేయకుండా విడిగా తీసి, వాటినే అతికి చూడండి.