పనస దుంగ, రేకుల షెడ్, ఒక లేత్: ఆరేళ్ళ వాడకం

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా పెరట్లో పనసచెట్టు కూలింది. ఆ ఏడాది ఉద్దానంలో ఎటు చూసినా పడిపోయిన చెట్లే, మంచి పనస దుంగలు పొయ్యిలోకి పోయాయి. మాది కాల్చడానికి నాకు మనసొప్పలేదు. మరుసటి ఏడాది కాశీబుగ్గలో మా ఇంటి వెనక రేకుల షెడ్‌లో చిన్న కర్ర లేత్ పెట్టాను, అంటే చెక్కను తిప్పుతుంటే ఉలితో గిన్నెల్లాంటివి చెక్కుకునే మిషన్. ఒక హార్స్‌పవర్ మోటారు, 12 అంగుళాల వ్యాసం వరకు తిరుగుతుంది. అప్పట్నుంచి ఆదివారాలన్నీ దానికే.

మిషన్ బాగుంది. నేను తిట్టుకున్నదంతా షెడ్‌నే.

మొదట నేల. ఎగుడుదిగుడు దుంగ బిగించి ఆన్ చేస్తే స్టాండు కదులుకుంటూ గుమ్మం దాకా వచ్చేసింది. బండలు తీయించి సిమెంటు దిమ్మె పోయించాను, స్టాండు కింది అరలో రెండు ఇసుక బస్తాలు వేశాను. ఎత్తు కూడా అప్పుడే సరిచేశా. చెక్కను తిప్పే ఇరుసు మోచేతి ఎత్తులో ఉండాలి. అంతకుముందు వంగి చేసీ చేసీ నడుం పట్టేసింది.

తరువాత కరెంటు. నాది నాబ్ తిప్పితే స్పీడు మారే రకం. రెండో వేసవిలో ఓల్టేజీ ఎగిరెగిరి పడి లోపలి బోర్డు కాలిపోయింది. వారంటీలోకి రాదు పొమ్మన్నారు అమ్మినవాళ్ళు. కొత్త బోర్డు రావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు స్టెబిలైజర్, విడిగా 16 ఆంప్స్ లైను, ఎర్తింగు అన్నీ ఉన్నాయి. మళ్ళీ కొంటే మాత్రం స్పీడు కోసం బెల్టు చేత్తో మార్చుకునే రకమే కొంటాను. దాన్ని ఏ మోటారు మెకానిక్కైనా బాగుచేస్తాడు.

చేతిలో డబ్బుంటే ముందు ఉలి సాన పట్టే గ్రైండర్ కొనండి, చెక్కను పట్టి ఉంచే ఖరీదైన చక్ తరువాత. పదునుంటే పచ్చి పనస చెక్క పొట్టు పొడుగ్గా రిబ్బన్‌లా లేచి భుజం మీదుగా పోతుంది. మొద్దుబారితే దుమ్ము రాలుతుంది, చెక్క తెగదు, చిరుగుతుంది. అది తెలియక మొదటి ఏడాదంతా ఎమరీ పేపర్‌తోనే కుస్తీ పట్టాను.

స్పీడుకి లెక్క తేలిక. వ్యాసం అంగుళాల్ని స్పీడుతో, అంటే నిమిషానికి తిరిగే చుట్లతో, గుణిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలి. పది అంగుళాల గిన్నెకి 600 నుంచి 900. చెక్క ఇంకా గుండ్రంగా రాకపోతే అంతకన్నా తక్కువే. లుంగీ కట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని లేత్ దగ్గరికి వెళ్ళొద్దు. ఒకసారి తువ్వాలు కొస చుట్టుకుంది, చేయి అందేంతలో స్విచ్ ఉంది కాబట్టి బతికాను. ముఖానికి షీల్డు, ముక్కుకి ఎన్95 మాస్కు తప్పవు. మాస్కు లేకుండా ఎండు పనస నునుపు చేసిన రోజు తుమ్మితే పసుపే.

సముద్రపు గాలికి లేత్ ఇనుము బెడ్, అంటే కింది పట్టాలు, వారంలో తుప్పెక్కుతుంది. పని కాగానే తుడిచి మిషన్ ఆయిల్ రాసి పాత నూలు చీర కప్పుతాను. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది.

పచ్చి చెక్కను ఒకేసారి పూర్తి చేస్తే పగులుతుంది. ఇప్పుడైతే గిన్నె గోడ మందం వ్యాసంలో పదో వంతు వదిలి, మైనం పూసి, కాగితం సంచిలో నెలల తరబడి ఆరనిచ్చి మళ్ళీ ఎక్కిస్తున్నాను. ఇది తెలియక ముందు చేసిన మొదటి గిన్నె వారానికే నిలువునా విచ్చింది. అమ్మ దాన్ని పారేయనివ్వలేదు, వెల్లుల్లిపాయలు పోసుకుంటోంది.